నాలుక మీద ఎముక

హిందూపురం రైల్వేస్టేషన్ బయట ఈ మధ్య ఒక టీ అంగడివాళ్లు గాజు గ్లాసులు తీసేసి మట్టి కప్పులు పెట్టారు. మొన్న ధర్మవరం వైపు పోయే బండి ఆలస్యమని తెలిసి నేనూ ఒక కప్పు తీసుకున్నాను. టీ ఇంకా నోట్లోకి రానేలేదు, కప్పు అంచు నా కింది పెదవిని పట్టుకుంది. బాగా కాలిన పొడి మట్టికి తడి తగిలితే అంతే, పీల్చుకుని ఒక పట్టాన వదలదు. పెదవి వెనక్కి తీసుకుంటే చర్మం కొంచెం సాగి, ఆగి, అప్పుడు విడిపోయింది. పక్కన నిలబడినాయన "కొత్తలో అట్లే ఉంటాదిలేమ్మా, రెండో గుక్కకు సరిపోతాది" అన్నాడు. నాకు మొదటి గుక్కే తాగబుద్ధి కాలేదు. ఆ పట్టు నాకు తెలుసు. తొంభైల్లో ఒక ఆదివారం చిత్రావతి ఏటి ఇసుకలో నిలబెట్టి నాగరత్నమ్మ మేడమ్ నా చేత ఒక ఎముక ముక్కను నాలుక మీద పెట్టించినప్పుడు మొదటిసారి ఎరిగిన పట్టు అది. టీ చల్లారింది, కప్పు అక్కడే పెట్టి వచ్చేశాను.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. నేను ధర్మవరంలో ఆడపిల్లల బడిలో సోషల్ టీచరుగా చేరేనాటికి ఆమె అక్కడ సైన్సు చెప్పేది. పొడుగాటి మనిషి, ఎండిపోయిన గొంతు, నుదుట పెద్ద కుంకుమ బొట్టు. పిల్లలు ఆమెకు భయపడేవాళ్లు. మేమూ భయపడేవాళ్లం, కాకపోతే టీచర్లం కాబట్టి దానికి గౌరవమని పేరు పెట్టుకున్నాం. ఆమె నవ్వడం నేను చాలా అరుదుగా చూశాను. ఆమె భర్త సంగతి నేను చేరిన వారంలోనే స్టాఫ్‌రూములో ఎవరో నా చెవిన వేశారు. ఆదినారాయణ అని, మగ్గాలున్న ఇంటి మనిషి. పట్టుచీరలు నేయించి, మూట కట్టుకుని ఊళ్లకు పోయి పెళ్లివాళ్లకు చూపించేవాడు. నేను రావడానికి కొన్నేళ్ల ముందు, వానాకాలంలో ఒక సాయంత్రం లూనా బండి మీద తిరిగి వస్తూ చిత్రావతి చప్టా దాటబోయాడు. పైన చెరువులు నిండి మరవ పారి ఏరు ఒక్కసారిగా వచ్చిపడింది. మర్నాడు చాలా దూరం కింద కంపచెట్లలో లూనా దొరికింది. చీరల మూట కూడా దొరికింది, కట్టిన ముడి కట్టినట్టే. ఆయన మాత్రం దొరకలేదు. ఏడాదిలో ముప్పాతిక భాగం ఇసుక తప్ప ఇంకేమీ కనపడని ఏరు ఒక నిండు మనిషిని ఎక్కడ దాచిపెట్టిందో ఎవరికీ అంతుపట్టలేదు.

శవం దొరకని మనిషికి చావు ఉండదట. నేను క్రైస్తవుల ఇంట్లో పుట్టినదాన్ని, ఈ సంగతులన్నీ నాకు ధర్మవరంలోనే తెలిశాయి. పన్నెండేళ్లు ఎదురుచూసి, అప్పటికీ కబురు లేకపోతే దర్భలతో, మోదుగాకులతో మనిషి బొమ్మ చేసి కాలుస్తారు. అంతవరకు తద్దినం లేదు, భార్య బొట్టు తీయడం లేదు. ఈలోగా ఒక్క ఎముక దొరికినా చాలు, దానితో కర్మ జరిపించవచ్చు. ఆయన్ను బెంగుళూరు మార్కెట్లో చూశామని ఒకరు, ఏదో మఠంలో గడ్డంతో కనపడ్డాడని ఇంకొకరు మోసుకొచ్చే కబుర్లను ఆయన తల్లి ఓబులమ్మవ్వ నమ్మేది. నాగరత్నమ్మ నమ్మలేదు, అట్లాగని కొట్టిపారేయనూ లేదు. ఆదివారం వస్తే గొడుగు తీసుకుని ఏట్లోకి పోయేది. ఆమెకు కావలసింది ఒక్కటే, ఆయన ఉన్నాడో లేడో తెలియడం.

ఇక నా సంగతి. హిందూపురంలో నాయన, అమ్మ, చెల్లెళ్లు, ఇంటినిండా మనుషులు. ధర్మవరంలో ఒంటి గది. ఆదివారం చర్చి అయ్యాక గదికి పోవాలంటే గుండె బరువెక్కేది. అందుకని ఏటి గట్టున తిరిగి రాళ్లు ఏరుకోవడం మొదలుపెట్టాను. పాఠం పుస్తకంలో శిలాజం బొమ్మ ఒకటి ఉండేది, రాతిమీద ఆకు అచ్చు. ఒకరోజు అచ్చం అలాంటిదే నాకు దొరికింది. లేతరంగు రాతి పలక మీద నల్లటి కొమ్మలు, రెమ్మలు, ఎవరో సన్నటి కుంచెతో వేసినట్టు. సోమవారం దాన్ని చేతిరుమాలులో చుట్టుకుని బడికి తీసుకుపోయి, మధ్యాహ్నం అన్నం వేళ అందరి ముందూ నాగరత్నమ్మ మేడమ్ ముందర పెట్టాను. శిలాజం దొరికింది అని కూడా అన్నాను, కొంచెం గట్టిగానే.

ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి రాయి ఎత్తింది. వెలుతురుకు తిప్పింది. "ఆకంటే దానికి కాడ ఉండల్ల. మొదట్లో లావు, కొసన సన్నం. ఉండాదా?" అని అడిగింది. లేదన్నాను. "నడిమి ఈనె?" అదీ లేదు. "మరి ఆకని ఎట్ల చెప్తాండావు?" అంటే, ఆకు మాదిరే ఉంది కదా మేడమ్ అన్నాను. "మాదిరి ఉండేది వేరు, అయ్యేది వేరు" అంది. రాయిలో పగులు వస్తే అందులోకి నీళ్లు దిగుతాయని, ఆ నీళ్లలోని ఖనిజం పగులు వెంట పాకి అలాంటి కొమ్మలు గీస్తుందని, అందుకే అవి పగులు అంచునుంచే మొదలవుతాయని చూపించింది. అంతటితో ఊరుకోక, "ఈ చుట్టుపక్కల కొండలు పుట్టేనాటికి లోకంలో చెట్టనేదే లేదు. ఈ రాతిలో ఆకు ఎతికితే ఎట్ల దొరుకుతాది?" అంది. కొండను తవ్వి ఎలుకను పట్టిందని తెలుగు పండితులు నన్ను ఏడిపించారు. ఎలుక కూడా దొరకలేదని నేను లోపల ఏడ్చుకున్నాను. సాయంత్రం గేటు దగ్గర ఆమే ఆగి, "ఆదివారం చర్చి అయినాక చప్టా కాడికి రా. రాతిలో లేకపోయినా గట్టు గులకలో ఏమన్నా ఉంటాదేమో చూద్దాం" అంది.

అలా కొన్నేళ్లు ఆమె వెంట తిరిగాను. ఏరు కోసిన గట్టును ఎలా చూడాలో నేర్పింది. పైన మొన్నటి వరదల ఇసుక, దాని కింద బంకమన్ను, అందులో తెల్లటి నత్తగుల్లలు, అన్నిటికంటే కింద గట్టిపడిన గులక. తెల్లటి గొట్టాల్లాంటివి పీకి ఇవి ఎముకలని నేను గంతులేస్తే, అవి ఎప్పుడో చచ్చిన చెట్ల వేళ్ల చుట్టూ సున్నం పేరుకున్న అచ్చులని, మధ్యలో ఉండే సన్నటి బొక్క చూసి చెప్పాలని తేల్చింది. నిజం ఎముక దొరికినప్పుడు మాత్రం నా చేతిలోంచి తీసుకునేది. కొసలు చూసేది, కీలు గాడి చూసేది, తర్వాత చెప్పేది. "ఇది ఆవుది." ఇంకోసారి, "మేకది." ఎవరో అడిగితే చెప్పినట్టుగా పైకే అనేది. అది నాకు చెప్పడం కాదని నాకు అర్థం కావడానికి చాలా ఆదివారాలు పట్టింది.

రెండు కొసలూ అరిగిపోయి, నడిమి ముక్క మాత్రమే మిగిలితే ఆకారం చూసి చెప్పడానికి వీల్లేదు. అప్పుడు నాలుక. ఎముకను ఎండలో బాగా ఆరబెట్టి, కొంగుతో తుడిచి, నాలుక కొసకు ఆనించాలి. కొత్త ఎముకలో ఇంకా జిగురు ఉంటుంది, అది నాలుకకు అంటుకోదు. ఎన్నో వేల ఏళ్లు మన్నులో పడున్న ఎముకలో జిగురంతా పోయి సన్నటి బొక్కలే మిగులుతాయి, అది తడిని పీల్చి పట్టుకుంటుంది. మొదటిసారి ఎముకను దూరంగా పట్టుకున్నాను. "అన్నం తినే నోటితో ఏంది మేడమ్ ఇది" అన్నాను. "అన్నం కంటే శుభ్రమైందిలే, ఎండలో కాలుండాది" అంది, నాలుగు రోజుల పాటు గదిలో తలుచుకుని నవ్వుకున్నాను. కానీ ఒక సంగతి నన్ను తర్వాత తర్వాత నిద్రపోనివ్వలేదు. అంటుకోవాలని నేను కోరుకునేదాన్ని, అంటుకుంటేనే కదా శిలాజం. ఆమె అంటుకోనిదానికోసం వచ్చింది. అంటుకోని ఎముక ఏదైనా దొరికితే అది మనిషిదా, ఆయనదా అని చూడాలి. ఇద్దరం ఒకే ఇసుక తవ్వుతూ ఒకదానికొకటి ఎదురైన వాటిని వెతుక్కున్నాం. ఆమె అది తెలిసే నన్ను వెంటబెట్టుకుంది.

"నీకు ఏం కావల్లనో దాన్ని ముందు గట్టుమీద పెట్టు. ఆ తర్వాత ఎముక ఎత్తు. లేకుంటే ఎముక నీకు కావల్సిందే చెప్తాది" అనేది. వినడానికి సులభంగా ఉండే మాట. ఆమె దాన్ని ఎలా పాటించిందో నేను కళ్లారా చూసిన రోజు ఒకటుంది.

అప్పటికి ఏట్లో ఇసుక ట్రాక్టర్లు మొదలయ్యాయి. ఒంటిపూట బడి రోజులు. మధ్యాహ్నం ఇద్దరం ఆమె ఇంటికి పోయేసరికి వాకిట్లో చెప్పులు గుంపుగా ఉన్నాయి. లోపల మగ్గం ఆగిపోయి ఉంది. ఓబులమ్మవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది, ఆమె ముందు చేటలో కొత్త తెల్లగుడ్డ, గుడ్డమీద పసుపు పూసిన ఒక ఎముక. జానెడు కంటే కొంచెం పొడుగు, రెండు కొసలూ లేవు. వీధిలోని ఆడవాళ్లు చుట్టూ కూర్చుని ముక్కులు చీదుతున్నారు. పెనుకొండలో ఉండే అవ్వ పెద్దకొడుకు సుబ్బరాయుడు అప్పుడే బస్సు దిగి వచ్చినట్టున్నాడు, చొక్కా చెమటకు తడిసి ఉంది.

"వచ్చినావా నాగరత్నా" అంది అవ్వ. "చూడు, నీ మొగుడు వచ్చినాడు."

నాగరత్నమ్మ గొడుగు మూలకు పెట్టింది. కాళ్లు కడుక్కుని వచ్చి చేట ముందు కూర్చుంది. "ఎవరు తెచ్చిరి?" అని అడిగింది. ఇసుక తోడే కూలీలకు లోపల తగిలిందట. మేడమ్ ఎముకలు వెతుకుతుందని ఊరికంతా తెలుసు కాబట్టి పుణ్యమని ఇంటికి తెచ్చి ఇచ్చిపోయారు. "నీళ్లు ఎందుకు పోస్తిరి?" అంది. "ఇన్నేండ్లు మన్నులో పడుంటే స్నానం చేయించద్దా?" అంది అవ్వ. సుబ్బరాయుడు గొంతు తగ్గించి, "కర్మ చేయించే అయ్యవారికి చెప్పి పంపించినానమ్మా. పొద్దుగూకే లోపల కానిచ్చేద్దాం" అన్నాడు.

"ఆరల్ల బావా" అంది ఆమె.

"ఏంది?"

"ఎముక తడిగా ఉండాది. ఆరితే గాని చెప్పలేను."

చేట ఎత్తుకుని పెరట్లోకి పోయి బట్టలుతికే బండమీద ఎండలో పెట్టింది. కాకులు వస్తాయని పక్కనే నిలబడింది. ఓబులమ్మవ్వ గడప దాకా దేక్కుంటూ వచ్చి, చేటవైపే చూస్తూ కూర్చుంది. కాసేపటికి, "ఎండ మాడిపోతాండాది. గొడుగన్నా పట్టమ్మీ" అంది నాతో. నేను నాగరత్నమ్మ మొహం చూశాను. "ఎండ తగలల్ల అత్తా" అంది ఆమె, మెల్లగా. ఆ ఎముక ఆరేంత సేపు నేను ప్రార్థన చేద్దామనుకున్నాను, ఏమని చేయాలో తెలియలేదు. ఆయనది కావాలనా, కాకూడదనా?

ఎముక ఆరింది. నాగరత్నమ్మ దాన్ని ఎత్తి, బరువు చూసి, కొంగుతో తుడిచి, నాలుకకు ఆనించింది. ఆడవాళ్లలో ఒకామె "అయ్యో దేవుడా" అని అరిచింది. సుబ్బరాయుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. భర్త ఎముక అని అందరూ నమ్మి ఏడ్చినదాన్ని ఆమె అందరి ముందూ నాలుక మీద పెట్టుకుని నిలబడింది. తర్వాత కళ్లు మూసుకుని తీసింది. తీసి నాకు ఇచ్చింది. "నువ్వు చూడు ఎస్తేరూ."

అంతవరకు ఒక్క ఎముక విషయంలోనూ ఆమె నన్ను అడిగింది లేదు. ఆ రోజు ఆమె తన నాలుకను తానే నమ్మలేదు. నేను పెట్టుకున్నాను. ముందు పసుపు రుచి తగిలింది, ఆ వెంటనే ఎముక నాలుకను పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. "పట్టుకునింది మేడమ్" అన్నాను.

ఆమె పోయి అత్త ముందు కూర్చుంది. "ఇది ఆయనది కాదత్తా. మన తాతల తాతల కంటే పాతది. ఏ జంతువుదో నాకు తెలీదు. ఆయనది మాత్రం కాదు."

సుబ్బరాయుడికి కోపం వచ్చింది. వచ్చిందంటే న్యాయంగానే వచ్చింది. "ఔననుంటే నీకేం పోయిండునమ్మా? ముసిల్ది ఇంగెన్నాళ్లుంటాది? దాని మనసు నిమ్మళమైతాండె గదా" అన్నాడు. నాగరత్నమ్మ బావగారి వైపు చూడకుండానే, "ఔనని నేను చెప్తే రేపట్నించి ఆయన్ను ఎతికేవాళ్లెవరూ ఉండరు బావా" అంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఓబులమ్మవ్వ చాలాసేపు ఖాళీ చేటవైపు చూసింది. తర్వాత ఆమె మొహం మారింది. "అట్లయితే నా బిడ్డ ఇంగా యాడనో ఉండాడు" అంది. "పొద్దున్నించి ఏమీ తినలేదు. ఇంత సంగటి పెట్టు నాగరత్నా" అంది. పెడితే తినింది, ఎప్పటికంటే ఒక ముద్ద ఎక్కువే తినింది.

ఆ ఎముకను నాగరత్నమ్మ నాకే ఇచ్చేసింది. "నీకు కావల్సింది ఇదే గదా, పెట్టుకో" అంది. అన్నప్పుడు ఎత్తిపొడుపు లేదు, అలసట ఉంది. అంతకు ముందు నాలుకకు అంటుకున్నవన్నీ గోరంత ముక్కలే, నా దగ్గర చెప్పుకోదగ్గ శిలాజం అదొక్కటే. తర్వాత తెలిసినవాళ్లకు చూపిస్తే పెద్ద దుప్పిదో, అడవి ఎద్దుదో కావచ్చు, నడిమి ముక్కతో ఇంతకంటే చెప్పలేమన్నారు. అంత శిలాజం దొరికితే ఎవరైనా పండగ చేసుకుంటారు. నేను దాన్ని పెట్టె అడుగున పెట్టి పైన బట్టలు సర్దాను.

కొన్నాళ్లకు ఇద్దరం పాసింజరు బండిలో పెనుకొండకు పోయాం, సుబ్బరాయుడి ఇంట్లో ఏదో శుభకార్యం. బండి ఖాళీగా ఉంది. కిటికీలోంచి కొండ కనపడగానే ఆమె ఉన్నట్టుండి మాట్లాడింది. "అత్త రోజూ సాయంత్రం గడపలో కూర్చుంటాండాది. మానేసి నాలుగేండ్లయ్యుండె, మళ్లా మొదలుపెట్టింది. నేను ఎముక కాదని చెప్తే, ఆమె మనిషి ఉండాడని ఇనింది." నా వైపు తిరిగింది. "ఉండాడని నేను చెప్పలేదు ఎస్తేరూ. నువ్వు సాక్షి" అంది. చెప్పలేదు మేడమ్ అన్నాను. "చెప్పలేదు గానీ, ఆమె మొహం చూసి, కాదు అత్తా అట్ల కాదు అని కూడా చెప్పలేకపోయినా" అని కిటికీ వైపు తిరిగింది. నిజం చెప్తే పీడ విరగడ అవుతుందని అంతవరకు నమ్మినదాన్ని. నిజం చెప్పి కూడా మనిషి అంత దిగులుగా ఉండవచ్చని ఆ రైల్లో చూశాను. ఓబులమ్మవ్వ ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. చివరి రోజు కూడా తలుపు గడియ వేయొద్దని చెప్పిందట.

ఆమె దగ్గర నేర్చుకున్నది నాకు ఎక్కడ పనికొచ్చిందో కూడా చెప్పాలి. మా నాయనకు జబ్బు చేసినప్పుడు పుట్టపర్తి ఆసుపత్రిలో ఉంచాం. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "నీకేం, నెలలో లేచి తిరుగుతావు" అనేవాళ్లు. పాస్టరుగారూ అదే మాట. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నాయన నన్ను అడిగాడు, "నాకు బాగవుతాదా పాపా?" అని. అవుతుందని నోటి చివరి దాకా వచ్చింది. నాకు కావలసిందాన్ని పక్కన పెట్టి, "తెలీదు నాయనా. డాక్టర్లు కూడా చెప్పలేకుండా ఉండారు" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, "నువ్వొక్కదానివి నాతో మాట్లాడినావు" అన్నాడు. ఆ తర్వాత మిగిలిన రోజుల్లో తన చిన్నప్పటి సంగతులు, అమ్మతో పోట్లాటలు, ఎవరికీ చెప్పనివి నాకు చెప్పాడు. ఆ మాటలు నాకు దక్కింది నాగరత్నమ్మ వల్ల.

రెండు వేల సంవత్సరం దాటాక ఏరు ఏరుగా లేదు. ఇసుక అయిపోయి బంకమన్ను బయటపడింది, బంకమన్ను కింద గులక కూడా పోయింది. నేను గట్టు చదవడం నేర్చుకున్న చోట లారీ దిగేంత గుంతలు. ఒకసారి ఆ గుంత అంచున నిలబడి నాగరత్నమ్మ, "ఆయన ఏ లారీలో పోయినాడో, ఏ ఊర్లో ఏ గోడలో ఉండాడో" అంది. ఆమె ఆదివారాలు ఏట్లోకి రావడం ఆ ఏడే మానేసింది. పన్నెండేళ్లు నిండాయని సుబ్బరాయుడు అయ్యవారిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె దర్భల బొమ్మకు ఒప్పుకోలేదు. ముత్తయిదువతనం వదులుకోవడానికి మనసు రావడం లేదని వీధిలో ఆడవాళ్లు గుసగుసలాడారు. స్టాఫ్‌రూములోనూ ఆడారు. నాకు మండుకొచ్చి నేనే పోయి ఆమెకు చెప్పాను, వాళ్లకు బుద్ధి చెప్పండని. "బొట్టు ఎవరికి కావల్ల" అంది. "తీసేయమంటే ఈ పూటే తీసేస్తా. తెలీనిదాన్ని తెలిసినట్టు చేసేది నాకు చేతకాదు. అంతే." ఆమె మీద నాకు ఆ రోజు కోపం కూడా వచ్చింది. ఎవరైనా అన్నేళ్లు ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చుంటే చూసేవాళ్లకూ ఊపిరాడదు.

నాకు హిందూపురానికి బదిలీ అయింది. ఆమె రిటైరైంది. పండగలకు ఉత్తరం ముక్క, ఎప్పుడైనా ఫోను. ఒక ఉదయం ఆమె పోయిందని ఫోను వచ్చింది. రెండు రోజుల జ్వరమట. నేను బండి దిగి పోయేసరికి ఇంట్లో ఏడుపు లేదు, వాదన ఉంది. పీనుగుకు స్నానం చేయించారు, ఆ తర్వాత ఏం చేయాలో తెలియక ఆగిపోయారు. ముత్తయిదువ అయితే పసుపు పూసి, కుంకుమ పెట్టి, పూలు పెట్టి పంపాలి. కాకపోతే అవేవీ ఉండకూడదు. తడి ఆరిన మొహంతో, నుదుట ఏమీ లేకుండా ఆమె పడుకుని ఉంది. అట్లా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. ముసలివాడైపోయిన సుబ్బరాయుడు వాకిట్లోంచి, "వాడు లేడనేది ఊరందరికీ ఎరుకే గదా, ఇంగేం ఆలోచన?" అంటున్నాడు. ఆడవాళ్లలో సగంమంది అవునంటున్నారు, సగంమంది కాదంటున్నారు.

వీధిలో పెద్దామె నన్ను చూసి పక్కకు పిలిచింది. "నువ్వు ఆమెతో ఏట్లో తిరిగినదానివి. ఏమన్నా దొరికిండెనా? మాకు చెప్పకపోయినా నీకు చెప్పింటాది."

నాకు ఏం కావాలో నాకు తెలుసు. ఆమె నుదుట ఆ కుంకుమ కావాలి. ఆయన బతికే ఉన్నాడని ఒక్క మాట అంటే చాలు, ఎవరూ ఎదురు చెప్పరు. ఆ మాటను అతి కష్టంమీద పక్కన పెట్టాను.

"దొరకలేదు" అన్నాను.

"అంటే ఉండాడా ఆయప్ప?"

"అది నాకు తెలీదు అవ్వా. ఆమెకూ తెలీదు. దొరకలేదు, అంతవరకే తెలుసు."

పెద్దామె లోపలికి పోయి కుంకుమ భరిణె తీసుకుంది. "దొరకలేదంటాంది. దొరకనప్పుడు తీసేసేదానికి మనమెవరు?" అని, వంగి, నాగరత్నమ్మ నుదుట పెద్ద బొట్టు పెట్టింది. ఎవరో పూల కోసం పరిగెత్తారు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. అక్కడే కూలబడి ఏడ్చాను.

మూడోరోజు ఎముకలు ఏరి చిత్రావతిలో కలిపారు. ఆడవాళ్లు పోరాదంటే నేను దూరంగా చప్టా మీదే నిలబడ్డాను. ఏట్లో పారే నీళ్లు లేవు. ట్రాక్టర్లు తవ్విన గుంతలో నిలిచిన వాననీళ్లే ఉన్నాయి, సుబ్బరాయుడి కొడుకు అందులోనే కుండ వంచాడు. ఇప్పటికీ పిల్లలు రాయో, గుల్లో తెచ్చి ఏందిది టీచర్ అంటే, కాడ ఉందా, ఈనె ఉందా అని అడుగుతాను. తెలియకపోతే తెలియదంటాను, ఆ మాట అనడానికి నాకు సిగ్గు లేదు, భయం లేదు. ధర్మవరం పోయినప్పుడల్లా ఏటి దాకా పోతాను కూడా. వరద వచ్చిపోయిన ఏడు ఇసుకలో తెల్లగా ఏదో ఒకటి తేలి కనిపిస్తూనే ఉంటుంది. ఎత్తను. ఎత్తి, ఆరబెట్టి, నాలుకమీద పెట్టాక అది అంటుకోకపోతే, ఆయనదనా, ఆమెదనా, ఎవరిదని చెప్పను?